అవగాహన లేని ఖాతాదారు

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. సర్వజన సంపద బ్యాంకుకు ఎనిమిది నెలలు పట్టింది. కుక్కలకు కమిటీ వేసుకునే ఆచారం లేదు కాబట్టి అవి కాస్త ముందుగా తేల్చుకుంటాయి.

జరిగిందేమిటంటే, ఏదో ఊళ్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయనకు ఎవడో ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, ఆయన ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగాడు. మాస్టారు ఆ ఆరంకెలూ శ్రద్ధగా చదివి వినిపించాడు. రెండు లక్షల పదివేలు హారతి కర్పూరమైపోయాయి. ఆ సంగతి పేపర్లో వచ్చింది. పేపర్లో వచ్చింది కాబట్టి బ్యాంకుకు తెలిసింది. ప్రధాన కార్యాలయం ఏడుగురితో కమిటీ వేసింది. ఆ ఏడుగురూ సముద్రమున్న ఊళ్లో రెండుసార్లు, కొండలున్న ఊళ్లో ఒకసారి సమావేశమై తప్పెవరిదో కనిపెట్టారు. తప్పు ఖాతాదారులది. వాళ్లకు అవగాహన లేదు. బ్యాంకుకు ఉందో లేదో చూడమని కమిటీకి ఎవరూ చెప్పలేదు, అందుకని వాళ్లు చూడలేదు.

వెంటనే అన్ని శాఖలకూ సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ఖాతాదారునకు మోసముల పట్ల అవగాహన కల్పించవలెను. కల్పించినట్లు ఆధారము సేకరించవలెను. ఆధారము లేని అవగాహన అవగాహనగా పరిగణింపబడదు." ఈ కార్యక్రమానికి అప్రమత్త పక్షోత్సవమని పేరు పెట్టారు. పక్షమంటే పదిహేను రోజులేనని ఎవరో చెప్పేసరికే నలభై ఐదు రోజులకు బ్యానర్లు అచ్చయిపోయాయి. కట్టిన బ్యానర్లు విప్పటం ఆ బ్యాంకులో ఎవరి పనో ఎవరికీ తెలియదు.

ఇక ఆధారం సేకరించే పద్ధతి. ఖాతాదారుకు ఫోనొస్తుంది. ముందుగా రికార్డు చేసిన ఒక ఆడగొంతు, "మీ ఓటీపీని ఎవరికీ చెప్పకండి. పోలీసులమన్నా చెప్పకండి. బ్యాంకు అధికారులమన్నా చెప్పకండి" అని చక్కగా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుంది. తర్వాత ఒక మనిషి లైన్లోకొస్తాడు. విన్నారు కదా, మీకు అర్థమైనట్టు నమోదు చేసుకోవాలి, ఇప్పుడే మీ ఫోనుకు ఒక ఓటీపీ వచ్చింది, అది చెప్పండి అంటాడు. చెప్పినవాళ్ల పేరు పక్కన కంప్యూటర్లో ఆకుపచ్చ టిక్కు పడుతుంది. వాళ్లు అప్రమత్త ఖాతాదారులు. చెప్పనివాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. వాళ్లు అవగాహన లేని ఖాతాదారులు. మూడు ఫోన్లకూ చెప్పకపోతే వాళ్ల ఖాతాను రక్షణార్థం స్తంభింపజేస్తారు.

ఇందులో ఏదో తిరకాసు ఉందని ఆ ఏడుగురిలో ఒక్కడికీ తోచలేదంటే నమ్మబుద్ధి కాదు. తోచే ఉంటుంది. తోచింది పైకి చెప్పేవాడు కమిటీల్లోకి రాడు, అంతే.

వేములదిన్నె బస్టాండులో నాలుగో నంబరు కొట్టు నాంచారమ్మది. పొద్దున్నే టీ, పునుగులు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు. మొగుడు పోయిన పందొమ్మిదేళ్లుగా తెల్లారుజామున నాలుగున్నరకు స్టవ్వు వెలిగించి, తొలి బస్సు డ్రైవరుకు తొలి టీ పోసిన మనిషి ఆమె. ఆమె తిండీ, ఇంటద్దే, మోకాళ్ల నొప్పులకు మందులూ అన్నీ ఆ కొట్టులోంచే రావాలి. అయిదేళ్లకోసారి ఆ కొట్లకు టెండరు పిలుస్తారు. ఈసారి గడువు శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు. ఎనభై వేలకు డీడీ తీసి, కవర్లో పెట్టి, డిపో ఆఫీసు వరండాలో ఉన్న పెట్టెలో వెయ్యాలి. మూడు దాటితే పెట్టెకు సీలు వేస్తారు, కొట్టు ఎవరు పాడుకుంటే వాళ్లకు పోతుంది. పాతవాళ్ల మీద ప్రత్యేకంగా దయ చూపటం రూల్సులో లేదని డిపోవాళ్లు ముందే చెప్పారు. ఆ ఎనభై వేలూ నాంచారమ్మ రూపాయి రూపాయి కూడబెట్టి సర్వజన సంపద బ్యాంకులో దాచుకుంది.

బ్యాంకు నుంచి మొదటి ఫోను పునుగులు మూకుట్లో ఉండగా వచ్చింది. ఆమె గరిట పక్కన పెట్టి ఆ ఆడగొంతు చెప్పిందంతా విన్నది. ఎవరి పిల్లో గాని మంచి మాట చెప్పిందనుకుంది. తర్వాత లైన్లోకొచ్చినవాడు ఓటీపీ అడిగేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏరా, ఇప్పుడేగా ఆ పిల్ల చెప్పొద్దని చెప్పింది? రెండు నిమిషాలన్నా ఆగవేందిరా" అని ఫోను పెట్టేసింది. రెండోవాడికి అంతకంటే నాలుగు ఎక్కువే వడ్డించింది. మూడోవాడు పాపం మెత్తటివాడు. అమ్మా, నేను నిజంగానే బ్యాంకువాణ్ణమ్మా అని బతిమాలాడు. బ్యాంకోళ్లమన్నా చెప్పొద్దని మీ పిల్లే చెప్పింది గదా నాయనా అని ఆమె అంతే మెత్తగా జవాబిచ్చింది. ఆ సాయంత్రమే ఖాతా స్తంభించింది. ఆమెకా సంగతి తెలియదు.

సోమవారం డీడీ ఫారం నింపుకుని బ్యాంకుకు వెళితే తెలిసింది. కౌంటరులో ఉండే మస్తాన్‌వలీ పన్నెండేళ్లుగా ఆమె కొట్లో టీ తాగుతున్నవాడు. కంప్యూటర్ చూసి, తల గోక్కుని, అమ్మా నీ పేరు మీద ఎర్ర గుర్తు పడింది, మేనేజరు గారిని కలవమన్నాడు.

మేనేజరు పరంధామయ్య గారు పక్షోత్సవం మొదలైన దగ్గర్నుంచి జేబుకు ఒక బిళ్ల తగిలించుకు తిరుగుతున్నాడు. దాని మీద 'నేను అప్రమత్తుణ్ణి' అని ఉంది. ఆయన నాంచారమ్మను కూర్చోమని, ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించాడు.

"చూడండమ్మా, మీరు అప్రమత్తంగా ఉన్నారా అన్నది వేరే విషయం. ఉన్నట్టు మా దగ్గర ఆధారం లేదు. అవగాహన లేని మనిషి చేతిలో డబ్బుంటే ఆ డబ్బుకు ప్రమాదం. అందుచేత మీ సొమ్మును సంస్థ ప్రస్తుతం మీ నుంచి కాపాడుతోంది."

తనను ఎవడూ మోసం చెయ్యలేదని, మూడుసార్లు అడిగినా చెప్పలేదని, చెప్పొద్దన్నది వాళ్లేనని నాంచారమ్మ అన్నది. అదే మరి సమస్య అని పరంధామయ్య గారు తల పంకించాడు. మీరు ఒక్కసారి చెప్పి ఉంటే, చెప్పకూడదని మీకు తెలుసని మాకు తెలిసేది అన్నాడు. ఆ వాక్యం అన్న తర్వాత ఆయన ఏమాత్రం ఇబ్బంది పడకుండా నీళ్లు తాగాడు.

ఖాతా తెరవాలంటే ఏం చెయ్యాలని అడిగితే మంగళవారం అవగాహన శిబిరానికి రమ్మన్నాడు. కొట్టు మూసుకుని వెళ్లింది. మూడు గంటల పాఠం, తర్వాత పది ప్రశ్నల పరీక్ష. ఓటీపీ భార్యకు చెప్పవచ్చునా, పోలీసుకు చెప్పవచ్చునా, బ్యాంకు మేనేజరుకు చెప్పవచ్చునా, ఇలా పది. నాంచారమ్మ పదింటికీ చెప్పరాదు అని రాసింది. పదికి పది వచ్చాయి. ఆ శిబిరంలో పదికి పది వచ్చింది ఆమె ఒక్కదానికే. మార్కుల కాగితం ఇవ్వాలంటే ఓటీపీ కావాలన్నారు. ఇప్పుడేగా చెప్పరాదని పదిసార్లు రాశానని ఆమె గొంతు పెంచింది. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా 'హాజరు, ఉత్తీర్ణత, అవగాహన లేదు' అని రాసుకుని పంపేశారు.

పక్క కొట్టు సోడాల సాంబయ్యకు ఈ గోలేమీ లేదు. ఆయన అడిగినవాడికల్లా ఓటీపీ చెప్పాడు. మొదటి ఫోనుకే ఆకుపచ్చ టిక్కు పడింది. రెండు రోజుల తర్వాత ఇంకో ఫోనొచ్చింది. అదే వరస, అదే మాటలు. సాంబయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి పదకొండు వేలు పోయాయి, ఎందుకంటే ఈసారి ఫోన్ చేసింది దొంగ. లబోదిబోమంటూ బ్యాంకుకు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు. వారంలో జవాబొచ్చింది. "సదరు ఖాతాదారు అప్రమత్త ఖాతాదారుగా ధ్రువీకరింపబడి యున్నందున, ఆయన మోసపోవుటకు అవకాశము లేదు. కావున ఫిర్యాదు తిరస్కరించడమైనది." దాంతో పాటే ఇంకో కవరు వచ్చింది. శాఖ మొత్తంలో అందరికంటే వేగంగా ఓటీపీ చెప్పినందుకు శుక్రవారం సభలో ఆయనకు ఉత్తమ అప్రమత్త ఖాతాదారుగా శాలువా కప్పుతారట. సాంబయ్య మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

బుధవారం, గురువారం నాంచారమ్మకు టీలో పంచదార వేశానో లేదో గుర్తుండలేదు. అసలు ఆ అంకెలు చెప్పి పడేస్తే పోదా అని ఆమెకు అనిపించకపోలేదు. పౌరుషానికి పోయి కొట్టు పోగొట్టుకునేంత తెలివితక్కువది కాదు. గురువారం సాయంత్రం ఫోను మోగినప్పుడు చెప్పేద్దామనే ఎత్తింది. అంకెలు చూసింది, నోరు తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఫోను చేసింది బ్యాంకో దొంగో తెలిసేదెట్టా అని. ఇద్దరూ అడిగేది ఒకటే. బ్యాంకుకు చెబితే ఎనభై వేలు బయటికొస్తాయి, దొంగకు చెబితే ఎనభై వేలూ బయటికే పోతాయి. ఫోను పెట్టేసి, రేపు బ్యాంకుకే పోయి మేనేజరు మొహం చూసి చెబుతాననుకుంది. మనిషి ఎదురుగా ఉంటే దొంగో దొరో తెలుస్తుందని ఆమె నమ్మకం.

శుక్రవారం పది గంటలకే ఆయన ముందు నిలబడింది. "ఇయ్యాల చెప్తా మేనేజరు గారూ, రాసుకోండి. మూడింటికి నాకు డీడీ కావాల" అన్నది. పరంధామయ్య గారు కుర్చీలోంచి లేచి రెండు చెవులూ మూసుకున్నాడు. సిబ్బందికి ఎదురుగా ఓటీపీ చెప్పటం తీవ్రమైన నిబంధనల ఉల్లంఘన, అది ఫోనులో ముక్కూ మొహం తెలియని వ్యక్తికి మాత్రమే చెప్పాలి అన్నాడు. అయితే ఆ వ్యక్తి చేత ఇప్పుడే ఫోన్ చేయించమంది. అప్రమత్తతా విభాగం ఎప్పుడు ఫోన్ చేస్తుందో తెలిస్తే ఖాతాదారు సిద్ధపడిపోతాడు, అది అసలైన అవగాహన కాదు అన్నాడు. చివరకు ఆమె కళ్లనీళ్లు చూసి కాదు గాని, ఆమె ఒక్కతే మిగిలిపోవటం వల్ల తన శాఖకు నూటికి నూరు రావటం లేదని గుర్తొచ్చి కాస్త మెత్తబడ్డాడు. ఒంటిగంటకు సభలో ప్రాంతీయ అధికారి గారికి ఆ విభాగం ఫోన్ చేస్తుంది, ఆయన ఓటీపీ చెప్పి అందరికీ ఆదర్శంగా చూపిస్తారు, ఆ వెంటనే అదే లైన్లో మీ చేత చెప్పిస్తాను, వెళ్లి కూర్చోండి అన్నాడు.

సభ బ్యాంకు హాల్లోనే. కౌంటర్లకు పరదాలు కట్టి, ముందు ఒక వేదిక వేశారు. ప్రాంతీయ అధికారి చక్రపాణి గారు పన్నెండింటికి వచ్చారు. సాంబయ్యకు శాలువా కప్పారు. ఈ సభ గురించి బ్యాంకు వారు రెండు పేపర్లలో ప్రకటన వేయించారు. అందులో తేదీ, వేళ, అధికారి గారి పేరు, ఆయనకు ఫోన్ చేసి జరిపే 'ఆదర్శ సంభాషణ' వివరం, ప్రజలకు సందేహాలుంటే అడగటానికి ఆయన సెల్‌ఫోను నంబరు, అన్నీ ఉన్నాయి. పేపరు చదివేవాళ్లలో దొంగలు కూడా ఉంటారన్నది కమిటీ నివేదికలో లేదు.

చక్రపాణి గారు, "మన సంస్థ కేవలం ఆర్థిక సంస్థ మాత్రమే కాదు, అది ఒక జాగృత చైతన్య స్రవంతి" అంటుండగా పన్నెండూ నలభైకి ఫోను మోగింది. చెప్పిన వేళకు ఇరవై నిమిషాలు ముందే. మా విభాగం వేగం చూశారా అని ఆయన మురిసిపోయి, ఫోనును మైకు దగ్గర పెట్టాడు.

"నమస్కారమండీ చక్రపాణి గారూ. అప్రమత్తతా విభాగం నుంచండీ. భోజనమైందాండీ? మీ అమూల్యమైన సమయం వృథా చెయ్యను. మీ ఫోనుకొచ్చిన సంఖ్య ఒక్కసారి చెబితే చాలండీ."

హాలంతా ఆ మర్యాదకు ముగ్ధమైపోయింది. వెనక వరసలో నాంచారమ్మకు మాత్రం ఆ మర్యాదే అనుమానం తెప్పించింది. ఆమెకు మూడుసార్లు ఫోన్ చేసిన బ్యాంకువాళ్లలో ఒకడు నాంచారయ్య గారా అన్నాడు, ఒకడు పది నిమిషాలు పాట వినిపించాడు, ఒకడు మాట్లాడుతూ ఆవలించాడు. మూడోవాడు మెత్తగానే మాట్లాడాడు గాని భోంచేశావా అని అడగలేదు. పైగా ముందు రావలసిన ఆ పిల్ల గొంతు రాలేదు. ఆమె లేచి నిలబడింది.

"బాబుగారూ, చెప్పమాకండి. వాడు దొంగ."

తలలన్నీ ఇటు తిరిగాయి. పరంధామయ్య గారు కూర్చోమని చేత్తో సైగ చేశాడు. చక్రపాణి గారు నవ్వి, ఇదిగో, ఇలాంటివాళ్ల కోసమే మనం ఈ ఉత్సవం జరుపుకుంటున్నాం అని మైకులో చెప్పి, ఆరంకెలూ ఒక్కొక్కటిగా, ఆఖరి బెంచీకి కూడా వినపడేలా చదివాడు. అంతా చప్పట్లు కొట్టారు. ఫోనులో అవతలివాడు కూడా ధన్యవాదాలు చెప్పాడు. అర నిమిషంలో టింగుమని మెసేజీ వచ్చింది. చక్రపాణి గారు ఉత్సాహంగా దాన్ని కూడా మైకులో చదవబోయి, నాలుగు లక్షల ముప్పై వేలు అనే దగ్గర ఆగిపోయాడు. మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

అసలు విభాగం ఒంటిగంటా ఇరవై అయిదుకు ఫోన్ చేసింది. దయచేసి లైన్లో ఉండండి అని చెప్పి వీణ వినిపించింది. ఎవరో ఎత్తారు గాని మాట్లాడలేదు, కట్టెయ్యనూ లేదు. ఆ వీణ వినిపిస్తూండగానే మేనేజరు గదిలో సమావేశం జరిగింది.

బ్యాంకు అధికారే మోసపోతే రెండు గంటల్లోపు ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపాలి. అందులో అనుమానితుల పేరు రాసే గడి ఒకటుంది, అది ఖాళీగా ఉంటే కంప్యూటర్ పుచ్చుకోదు. చక్రపాణి గారు తన తప్పేమిటని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఆ అలవాటే ఉంటే ఆ కుర్చీ దాకా వచ్చేవాడు కాదు.

"మోసం జరగబోతోందని ఆవిడకు ముందే ఎలా తెలుసు?" అన్నాడాయన. "ఇంతమందిలో ఎవరికీ తెలియనిది ఆవిడకొక్కదానికే ఎలా తెలుసు?"

పరంధామయ్య గారి మొహం వెలిగింది. ఆవిడ మొదటి నుంచీ సంస్థకు సహకరించని మనిషేనన్నాడు. నాంచారమ్మను గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వాంగ్మూలం తీసుకునే దాకా కదలొద్దన్నారు. గోడ గడియారం రెండు చూపిస్తోంది. ఆమెకు ఏం జరుగుతోందో సగమే అర్థమైంది గాని, మూడు గంటల సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది. నా కొట్టు పోయినట్టేనని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. దొంగతనం చూసి కేకేసినందుకు ఇదా నాకు దక్కేది అని ఒళ్లంతా మండిపోయింది.

గదిలో మస్తాన్‌వలీ నివేదిక కొడుతున్నాడు. అనుమానితురాలు నాంచారమ్మ అని కొట్టగానే కంప్యూటర్ ఒప్పుకోలేదు. స్తంభించిన ఖాతాదారు మీద ఫిర్యాదు నమోదు కాదు. ఖాతా స్తంభించి ఉన్నవాళ్లు ఏ లావాదేవీ చెయ్యలేరు, లావాదేవీ చెయ్యలేనివాళ్లు మోసం చెయ్యలేరు, అది ఆ యంత్రానికి ఎవరో నేర్పిన తర్కం. అయితే ఆవిడ ఖాతా వెంటనే తెరవండి అన్నాడు చక్రపాణి గారు. ఆవిడ ఇంకా ఓటీపీ చెప్పలేదని పరంధామయ్య గారు గుర్తు చేశాడు. నింద వెయ్యటానికి ఓటీపీ ఎందుకయ్యా అని ఆయన కసిరాడు. మస్తాన్‌వలీ రెండు మీటలు నొక్కి ఎర్ర గుర్తు చెరిపేశాడు. అయిదు రోజులుగా ఏ దేవుడికి మొక్కినా తెరుచుకోని ఖాతా తెరుచుకుంది.

నివేదిక ప్రతులు తీసే మిషను దగ్గరికి వెళుతూ అతను బెంచీ దగ్గర వంగాడు.

"అమ్మా, నీ మీద కేసు రాశారు. ఇప్పుడు నువ్వు అనుమానితురాలివి. అనుమానితులకు ఖాతా నడుస్తది. డీడీ ఫారం ఉందా?"

నాంచారమ్మ జాకెట్లోంచి నాలుగు మడతలు పెట్టిన ఫారం తీసిచ్చింది. రెండూ ఇరవై రెండుకు డీడీ అచ్చయింది. దాని మీద మేనేజరు సంతకం కావాలి. పరంధామయ్య గారు కలం పట్టుకుని ఆగాడు. నిబంధనల పుస్తకం తెప్పించి వేలితో ఒక్కో గీటూ చూశాడు. అవగాహన లేని ఖాతాదారునకు డీడీ ఇవ్వరాదు అని ఉంది. అనుమానితునకు ఇవ్వరాదు అని ఎక్కడా లేదు. ఆయన నిబంధనల మనిషి, కాదనలేము. సంతకం పెట్టాడు. పెట్టాక మాత్రం, వాంగ్మూలం ఇవ్వకుండా వెళితే పారిపోయినట్టు రాయాల్సొస్తుందని హెచ్చరించాడు.

"బస్టాండుకు పోతన్నా. పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నా, కావాలంటే వచ్చి పట్టుకోండి" అన్నది నాంచారమ్మ.

మోకాళ్ల నొప్పులు ఆ పూట ఆమెను వదిలేశాయి. ఎండలో చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా అర మైలు నడిచి, రెండూ యాభై ఒకటికి కవరు పెట్టెలో వేసింది. వేసి, డిపో మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చూసినవాళ్లు ఎవరో పోయారనుకున్నారు. పది రోజులకు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. నాలుగో నంబరు కొట్టు మళ్లీ అయిదేళ్లకు నాంచారమ్మకే వచ్చింది.

కేసు మాత్రం పోలేదు. నెల తర్వాత ప్రధాన కార్యాలయం నుంచి విచారణాధికారి ఒకాయన తోలు సంచీతో దిగాడు. వేములదిన్నెకు మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ కొట్టు బల్ల మీదే కూర్చుని విచారించాడు. సంస్థకు ఖర్చు తగ్గుతుందని చెప్పి టీ డబ్బులు ఆమె ఖాతాలోనే రాసుకోమన్నాడు. మొదటిసారి ఆమె పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు. రెండోసారి అసలు ప్రశ్న వేశాడు.

"ఆ ఫోను మోసమని మీకు ముందుగా ఎవరు చెప్పారు?"

"మీ బ్యాంకోళ్లే చెప్పారు నాయనా. ఫోన్ చేసి మరీ చెప్పారు, మూడుసార్లు. ఎవరడిగినా చెప్పొద్దన్నారు. నేను చెప్పలా. అంతే."

ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు రాసుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆ రాసింది సంతకానికి తెచ్చాడు. నాంచారమ్మ కూడబలుక్కుని చదివింది. "మోసమునకు సంబంధించిన రహస్య సమాచారము బ్యాంకు లోపలి వ్యక్తుల నుండి, ఫోను మూలకముగా, మూడు పర్యాయములు, ముందస్తుగా తనకు అందినట్లు అనుమానితురాలు అంగీకరించినది. ఇట్టి సమాచారము ఖాతాదారులకు చేరుట సంస్థకు ప్రమాదకరము. కావున అవగాహన ఫోన్లలో మొదట వచ్చు హెచ్చరికను తక్షణము తొలగించవలెను. ఓటీపీ అడుగు భాగమును యథాతథముగా కొనసాగించవచ్చును."

తన సిఫారసును పై వాళ్లు అప్పుడే ఆమోదించారని, పక్షోత్సవాన్ని మరో ఏడాది పొడిగించారని ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు. హెచ్చరిక తీసెయ్యటం వల్ల ఫోనుకు నిమిషం చొప్పున ఆదా అవుతోందట. ఆ ఆడగొంతు ఇక వినపడదా అని నాంచారమ్మ అడిగింది. వినపడదన్నాడు.

అప్పుడే రొయ్యల కంపెనీలో పనిచేసే పిల్లొకతె, రాత్రి షిఫ్టు దిగి రేపల్లె బస్సు కోసం నిలబడి, టీ గ్లాసు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని మాట్లాడుతోంది. ఆ నెల జీతం ముందు రోజే పడిందని అంతకు ముందే నాంచారమ్మతో చెప్పింది. ఆ, వచ్చిందండీ, ఆరంకెలండీ, మొదటిది మూడు, అంటోంది. నాంచారమ్మ బల్ల మీదుగా వంగి ఆ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని కట్టేసింది. పిల్ల బిత్తరపోయింది. ఎవరే వాడు అని నాంచారమ్మ అడిగితే, బ్యాంకు నుంచంట అత్తా అన్నది.

విచారణాధికారి తల ఎత్తి, అది నిజంగా మా విభాగం వారి ఫోనే అయి ఉండవచ్చు సుమా అని గట్టిగా అన్నాడు. సంస్థ కార్యకలాపాలకు ఆటంకం కలిగించటం రెండో నేరమవుతుందన్నాడు.

"అయి ఉండచ్చు" అన్నది నాంచారమ్మ. పిల్ల చేతిలో ఫోను పెట్టి, ఆ వేళ్లను దాని చుట్టూ మూసి, ఆమె వైపే చూస్తూ చెప్పింది. "ఎవరడిగినా చెప్పమాకే. ఇదుగో, ఈయన అడిగినా చెప్పమాక."

విచారణాధికారి కలం తీసి, కాగితం మీద ఇంకో గీటు కొట్టి, ఆ పిల్ల పేరేమిటో అడిగాడు. పిల్ల నాంచారమ్మ మొహం చూసింది, ఆయనకు పేరు కూడా చెప్పలేదు.